నంది కొండల కింద చెరువులు

చిక్కబళ్లాపురం చరిత్ర అనగానే 1791లో కార్న్‌వాలిస్ సేన పట్టుకున్న నంది కోట, పాళెగాడు బైరేగౌడ గుడిబండ కొండ మీద కట్టించిన కోట ముందుగా గుర్తుకొస్తాయి. ఈ నేలను నిజంగా నిలబెట్టినవి కోటలు కావు, చెరువులు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని ఇక్కడి కొండల్లోనే పుడతాయి. కానీ పుట్టినచోట నది అంటే వాన వెలిస్తే ఎండిపోయే వాగే. చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తి వైపు వెళ్లిపోతుంది. పోయే నీటిని ఎవరి ఊళ్లో వాళ్లు ఆపుకోవాల్సిందే. అందుకే ఒకదాని అలుగు మరొకదానిలోకి పారేలా గొలుసు చెరువులు కట్టారు. ఆ బైరేగౌడ పేరు మీదే కోట కింద భైరసాగరం ఉంది. 9వ శతాబ్దినాటి భోగనందీశ్వరాలయంలోనూ నాలుగు వైపులా మెట్లు దిగే కోనేరు చూడకుండా ఎవరూ రారు.

పాళెగాళ్లు చెరువులు కట్టించింది శిస్తు కోసమే కదా అనవచ్చు. కావచ్చు. కానీ కట్టినవాడు పోయాక చెరువును బతికించింది నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో, కట్టకు ఎక్కడ గండి పడబోతోందో అతనికే తెలుసు. పంట ఇంటికొచ్చాక రైతులు ఇంత గింజ కొలిచి ఇచ్చేవారు. శాసనాలకెక్కని ఈ మనిషికి చరిత్రలో చోటివ్వకపోవడం అన్యాయం.

బోరుబావులొచ్చాక చెరువుతో పనేమిటన్నది ఇంకో మాట. టిప్పు కాలంలో మైసూరు సీమలో వేళ్లూనిన పట్టు పరిశ్రమనే చూడండి. శిడ్లఘట్ట, చింతామణి పల్లెల్లో మల్బరీ తోటకు తడి కావాలి. పట్టుపురుగులు గూళ్లు అల్లుకునే చంద్రికల మీంచి తీసిన ఆ గూళ్లను మరిగే నీళ్లలో ఉడికిస్తేగానీ బంక వదిలి పోగు అందదు. ఆ నీళ్లు బోరువే. చెరువు పూడి నీరు నేలలోకి ఇంకకపోతే బోరు అడుక్కి పోతుంది, లోతునుంచి ఫ్లోరైడ్ నీళ్లొస్తాయి. ఇప్పుడు బెంగళూరు హెబ్బాళ, నాగవార లోయల మురుగును శుద్ధిచేసి ఇక్కడి చెరువులకు ఎత్తిపోస్తున్నారు. మూడో దశ శుద్ధి కూడా చేయాలని రైతులు పట్టుబట్టడం న్యాయమే, ఎందుకంటే చెరువులో పోసిందే రేపు వాళ్ల బావుల్లోకి ఊరుతుంది.