డేగ మెచ్చిన వేట

వేటగాడు చూపించిన పిట్ట మీదికే డేగ దూకుతుందన్న హామీ ఏ కాలంలోనూ లేదు. మనసు పుట్టకపోతే పోయి చెట్టుకొమ్మ మీద కూర్చుంటుంది. మరీ విసుగేస్తే తిరిగే రాదు. కాబట్టి డేగవేట నేర్చినవాడికి ముందు తెలియాల్సింది, ఏ డేగ దేన్ని కోరుతుందన్నదే.

ఈ విద్య దక్కనుకు పాతదే. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’ రాజుల వినోదాల్లో శ్యేన వినోదాన్నీ (డేగవేట) చేర్చింది. డేగల్లో ఆడదే పెద్దది. అందుకే ఉత్తరాది షికారీలు ఆడదాన్ని బాజ్ అని, అదే జాతి మగదాన్ని జుర్రా అని విడిగా లెక్కపెట్టేవారు. బరువైన వేటకు ఆడది, చిన్నాచితకా వాటికి మగది.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ 1862లో అచ్చు మొదలైన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఈ వివరాలెన్నో నమోదు చేశాడు, తెలుగు పేర్లతో సహా. పొడుగు రెక్కల భైరి డేగను కొంగల మీదికి వదిలేవారు. షాహీన్ డేగది వేరే పద్ధతి. అది వేటగాడి నెత్తిన ఆకాశంలో తిరుగుతూ ఉంటుంది, కింద పొదలోంచి కౌజును లేపగానే నిట్టనిలువునా పడుతుంది. రెక్కలు పొట్టిగా ఉండే జాలె డేగ ఎక్కువ దూరం తరమలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, పూరేడు లేచిన క్షణంలో బల్లెంలా విసిరేవారు.

అడవిలో ఉండే జాలె డేగకు తొండలు, ఎలుకలు, చిన్న పిట్టలు, పురుగులు ఏవైనా సరే. మనిషికి కావలసింది పూరేడు. ఈ తేడాను పూడ్చడమే శిక్షణ. మేత తగ్గించి, ఆకలి పదునెక్కాక, సులువుగా దొరికే పిట్టను ముందుంచుతారు. వరసగా కొన్నిసార్లు పూరేడు చిక్కిందంటే డేగ చూపు దాని మీదే నిలుస్తుంది. మేత ఎక్కువైతే వేట మీద ధ్యాస ఉండదు, మరీ తక్కువైతే ఎగిరే సత్తువే ఉండదు. ఈ తూకం తెలిసినవాడే ఉస్తాదు.

యూరప్‌లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 13వ శతాబ్దంలో ఈ విద్య మీద పెద్ద గ్రంథమే రాశాడు. అరిస్టాటిల్‌కు వేట అనుభవం లేదని అందులో నిర్మొహమాటంగా తప్పుపట్టాడు. వేట పిచ్చికి మూల్యమూ చెల్లించాడు. 1248లో పార్మాను ముట్టడిస్తూ ఆయన వేటకు వెళ్ళిన రోజునే పట్టణవాసులు బయటికొచ్చి శిబిరాన్ని దోచుకున్నారు.

షికారీల అనుభవాన్ని శాస్త్రవేత్తలు అంకెల్లో చూసింది మాత్రం 20వ శతాబ్దంలోనే, కొందరు పెంపుడు డేగలతోనే. రాబర్ట్ కెన్‌వర్డ్ ఇంగ్లండులో శిక్షణ ఇచ్చిన గోషాక్ డేగను అడవి పావురాల మీదికి వదిలి, 1978లో ఫలితాలు ప్రకటించాడు. ఒంటరి పావురం మీద దాడి చేస్తే ఐదింట నాలుగుసార్లు దొరికింది. యాభైకి మించిన గుంపు మీద పదింట ఒకసారి కూడా గెలుపు లేదు. గుంపు పెద్దదైతే డేగను దూరం నుంచే పసిగట్టి లేచిపోతుంది.

బలహీనమైనవే డేగకు చిక్కుతాయన్న మాటను అమెరికాలో స్టాన్లీ టెంపుల్ 1987లో తేల్చాడు. అదీ ఒక ఎర్రతోక డేగతోనే. పట్టడం కష్టమైన కుందేళ్ళు, పెద్ద ఉడుతల్లో నలతగా ఉన్నవే ఎక్కువగా దొరికాయి. సులువుగా చిక్కే చిన్న ఉడుతల్లో ఆ తేడా కనిపించలేదు. అంటే డేగ రోగిని వెతుక్కుంటూ పోవడం లేదు, పరుగులో వెనకబడినదాన్ని అందుకుంటోంది.

2010లో యునెస్కో డేగవేటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అరబ్ ఎమిరేట్స్, మంగోలియా, ఫ్రాన్స్ సహా 11 దేశాల పేర్లున్నాయి. భారతదేశం వాటిలో లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ అడవి డేగను పట్టి పెంచడం నేరం.