ఇయాదత్ వేరు, తీమార్‌దారీ వేరు

ఉర్దూలో బీమార్ మనిషి చుట్టూ రెండు మాటలున్నాయి. ఒకటి ఇయాదత్. రోగిని చూసి, పలకరించి, దుఆ చేసి రావడం. రెండోది తీమార్‌దారీ. రోగి దగ్గరే ఉండి సేవ చేయడం. 'తీమార్' ఫార్సీ మాట. దిగులు, చింత అని దాని అర్థం. ఇంకొకరి బాధను తన దిగులు చేసుకున్నవాళ్లు తీమార్‌దార్.

ఇయాదత్ మన ఘరానాలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ ఐసీయూ బయటైనా చూడండి, ఒక్క పేషెంటుకు ఇరవైమంది రిష్తేదార్లు. తస్బీహ్‌లు తిరుగుతుంటాయి, ఫ్లాస్కుల్లో చాయ్ వస్తుంటుంది, వాచ్‌మన్‌తో గొడవ నడుస్తుంటుంది. అద్దం తలుపు అవతల తీమార్‌దారీ చేసేది మాత్రం ఒక నర్సు. ఆ పిల్ల పేరు ఈ ఇరవైమందిలో ఎంతమందికి తెలుసో అడగండి. ఆమె చేసే పనికి ఒక తారీఖ్ ఉంది. అందులో మన వాటా కూడా ఉంది.

హిజ్రీ 5, అంటే క్రీ.శ. 627. మదీనాకు ఉత్తరాన కందకం తవ్వి కాచుకున్న ఖందఖ్ యుద్ధం. ఔస్ కబీలా సర్దార్ హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలి పెద్ద రక్తనాళం తెగింది. హుజూర్ (స) ఆయన్ని ఇంటికి పంపలేదు. మస్జిదె నబవీలోనే ఖైమాలో ఉంచారు, దగ్గర్లో ఉంటే మాటిమాటికీ చూడొచ్చని. ఆ ఖైమా అస్లమ్ కబీలాకు చెందిన రుఫైదా (రజి) అనే సహాబియాది. జఖ్మీలకు మరహమ్ పట్టీ చేయడం, ఎవరూ లేనివాళ్లను చూసుకోవడం ఆమె పని అని సీరత్ కితాబులు చెబుతాయి. హుజూర్ (స) పొద్దున, సాయంత్రం అటుగా వెళ్తూ ఎలా ఉందని సాద్‌ను అడిగేవారు. ఒకే ఖైమాలో ఇయాదతూ తీమార్‌దారీ రెండూ జరిగాయి.

కొన్ని వారాల తర్వాత గాయం మళ్లీ తెరుచుకుని సాద్ (రజి) వఫాత్ అయ్యారు. ఈ ముక్క దాటేసి రుఫైదా కథ చెప్పేవాళ్లున్నారు. ఆమె నర్సింగ్ స్కూలు పెట్టారని, నర్సులకు నియమావళి రాశారని వాట్సాప్‌లో వచ్చేవి కూడా చూశాను. పాత కితాబుల్లో ఉన్నది పైన చెప్పిన నాలుగు మాటలే. నాకవి చాలు. రోగి దక్కకపోయినా, చూసుకున్న మనిషి పేరును రావీలు గుర్తుపెట్టుకుని మనదాకా తెచ్చారు. ఆమె ఒక్కరే కూడా కాదు. ఉమ్మె అతియ్యా (రజి) ఏడు గజ్వాలకు వెళ్లి జఖ్మీలకు మందు వేశానని, బీమార్లను చూసుకున్నానని స్వయంగా చెప్పుకున్నారు.

తర్వాత ఖైమాల చోట బీమారిస్తాన్లు వచ్చాయి. ఖలావూన్ ఇంకా అమీర్‌గా ఉన్న రోజుల్లో డమాస్కస్‌లో జబ్బుపడితే నూరుద్దీన్ కట్టించిన బీమారిస్తాన్ మందులతో కోలుకున్నాడట. సుల్తాన్ అయ్యాక, ఆ మొక్కు తీరుస్తూ 1284లో కైరోలో తనే ఒకటి కట్టించాడు. జ్వరాలకు, కళ్లకు, గాయాలకు వేర్వేరు గదులు, మగవాళ్లకు మగ ఖాదిమ్‌లు, ఆడవాళ్లకు ఆడ ఖాదిమాలు, ఖర్చుకు వక్ఫ్ ఆమ్‌దనీ.

ఇక మన హైదరాబాద్ షహర్. 1888, 89లో ఇక్కడ క్లోరోఫాం మీద పెద్ద బహస్ నడిచింది. మత్తులో మనిషి పోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరే అన్నాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరును రప్పించి రెండో కమిషన్ నడిపించాడు. ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. క్లోరోఫాం నేరుగా గుండెనూ ఆపగలదని తర్వాత రుజువై, ఆ తీర్పు సగం వీగిపోయింది. 'మత్తిచ్చినవాళ్ల కన్ను రోగి ఊపిరి మీదే ఉండాలి' అన్న లారీ పట్టు మాత్రం పనికొచ్చింది. ఆ బడిలో చదివి ఇక్కడే మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలో తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు.

ఊపిరి కాపలా ఒక వార్డుగా మారింది మాత్రం డెన్మార్క్‌లో. 1952 వేసవి, కోపెన్‌హాగన్‌లో పోలియో. బ్లెగ్‌డామ్ దవాఖానాకు రోజుకు పదుల సంఖ్యలో పిల్లలు వచ్చిపడుతున్నారు. ఊపిరి కండరాలు చచ్చుబడినవాళ్లను పెట్టడానికి ఉన్నది ఒకే ఒక్క ఐరన్ లంగ్, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదటి వారాల్లో అలాంటి పేషెంట్లు 31 మందిలో 27 మంది పోయారు. ఆగస్టు 27న బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, పన్నెండేళ్ల పిల్ల గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టించి, రబ్బరు సంచీని చేత్తో నొక్కుతూ ఊపిరి పోశాడు. పిల్ల బతికింది.

ఇప్పుడు ప్రశ్న, ఆ సంచీ ఎవరు నొక్కాలి? అన్ని యంత్రాలు లేవు. మెడికల్ స్టూడెంట్లను పిలిచారు. దాదాపు 1,500 మంది వంతులు వేసుకుని, రాత్రింబవళ్లు, కొందరు పేషెంట్లకు నెలల తరబడి సంచీలు నొక్కారు. ఒక దశలో ఒకేసారి 70 మందికి చేతులతోనే ఊపిరి. పక్కన నర్సులు. గొట్టంలో చేరిన కఫం లాగడం, కదల్లేని ఒళ్లు పక్కకు తిప్పడం, రంగు మారిన పెదవిని ముందే పసిగట్టడం వాళ్ల పని. నూటికి 87గా ఉన్న చావులు 40 దగ్గరికి, తర్వాత ఇంకా కిందికి దిగాయి. మరుసటేడు డిసెంబరులో అదే నగరంలో ఇబ్సెన్ తెరిచిన వార్డునే చాలామంది ప్రపంచపు తొలి ఐసీయూ అంటారు. మనకు ఐసీయూ అనగానే మెషీన్లు, బిల్లులు గుర్తొస్తాయి. అది పుట్టింది మాత్రం మెషీన్లు చాలక.

ఇప్పుడు సంచీ పని వెంటిలేటర్ చేస్తుంది. మిగతాది నర్సే. సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపు పుండవుతుంది. స్పృహలేని కళ్లు పూర్తిగా మూసుకోకపోతే ఆరిపోతాయి, మందు వేయాలి. నోరు శుభ్రం చేయాలి. పలకని మనిషికి కూడా 'చాచా, సూది వేస్తున్నా' అని చెప్పి వేయాలి, వినిపిస్తూ ఉండొచ్చు గనక. వెంటిలేటర్ మీదున్న ఒక్కొక్కరికీ ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఇద్దరు ముగ్గురిని ఒకే పిల్ల మీద వేసే చోట్లు బోలెడు. రిష్తేదార్లు గొడవపడాల్సింది వాచ్‌మన్‌తో కాదు, ఈ లెక్క గురించి మేనేజ్‌మెంటుతో.

మా ఖాలా మనవరాలు ఇంటర్ బైపీసీ పాసైంది. బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. ఇంట్లో ఒకటే బహస్. నైట్ డ్యూటీలు, మగ పేషెంట్లు, రేపు రిష్తాలు రావని. నైట్ డ్యూటీ ఫికర్ నిజమైనదే. బస్సు ఉందా, హాస్టల్ ఎలాంటిది, జీతం ఎంత, అన్నీ అడగాల్సినవే. 'అది మన ఆడపిల్లల పని కాదు' అన్నారు మా బావ. పై తారీఖ్ అంతా ఆయన కోసమే తీశాను. కౌన్సెలింగ్ దగ్గర పడింది, కాగితం మీద ఆయన దస్తఖత్ ఇంకా పడలేదు. ఈ వ్యాసం ప్రింటు తీసి పంపమంది ఆ పిల్ల. పెద్ద అక్షరాల్లో తీయాలట, అబ్బా కళ్లజోడు దొరకలేదని తప్పించుకోకుండా.