వెనుక నుంచే అసలు ముప్పు!
బాహ్యవలయ రహదారిలో కలిసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు

పరిగి: పరిగి, దోమ, కుల్కచర్ల, పూడూరు మండలాల నుంచి తెల్లవారకముందే కూరగాయలతో బయలుదేరే డీసీఎం వ్యాన్లు, తాండూరు నాపరాళ్ల లారీలు, శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లే కార్లు బీజాపూర్ రహదారి మీదుగా అప్పా కూడలికి చేరుకుంటాయి. వాటిలో చాలా వాహనాలు అక్కడి నుంచే నెహ్రూ బాహ్యవలయ రహదారి ఎక్కుతాయి. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి తరలిన తర్వాత జామ, బొప్పాయి రైతులకూ ఈ దారి అలవాటైంది. పరిగి నుంచి అప్పా వరకు దాదాపు 60 కిలోమీటర్లు ఒక తీరుగా బండి నడిపిన చోదకుడు, అక్కడ టోల్‌గేటు దాటిన అర నిమిషంలో పూర్తిగా మరో తీరుకు మారాల్సి ఉంటుంది. ఆ మార్పు తెలియకపోవడమే ప్రమాదాలకు దారితీస్తోంది.

ఈ ప్రాంతం వారు బండి నేర్చుకున్నది రెండు వరుసల దారిపైనే. ఇక్కడ ముప్పు ఎదురుగా వస్తుంది. 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి హైదరాబాద్ వెళుతున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న దుర్ఘటనలో 19 మంది మృతిచెందారు. అది కూడా ఎదురెదురుగా జరిగిన ప్రమాదమే. అందువల్ల ఈ దారిలో తిరిగేవారి చూపు సహజంగానే ముందు అద్దం నుంచి కదలదు. బాహ్యవలయ రహదారిపై ఎదురు వాహనం రాదు. రెండు దిశలకూ మధ్య విభాగిని ఉంటుంది. అక్కడ ముప్పు కుడివైపు వెనుక నుంచి, రెట్టింపు వేగంతో వస్తుంది.

ఎనిమిది వరుసలు.. రెండు వేగాలు

నగరం చుట్టూ 158 కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ రహదారిలో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం 2008 నవంబరులో తొలుత ప్రారంభమైంది. కండ్లకోయ వద్ద మిగిలిన చిన్న భాగం 2018లో పూర్తికావడంతో వలయం మూసుకుంది. ఒక్కో దిశలో నాలుగు వరుసలున్నాయి. ఇరువైపులా సర్వీసు రోడ్లున్నాయి. పరిగి వాసులు ఎక్కే చోటు 18వ నంబరు ఇంటర్‌ఛేంజ్. ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీ పొట్టిపేరే ‘అప్పా’. రాష్ట్రం ఏర్పడ్డాక ఆ పేరు టీఎస్‌పీఏగా మారినా జనం నోట అప్పాగానే నిలిచిపోయింది. కొత్త చోదకులు పలకలపై అప్పా కోసం వెతికి తికమకపడటం తరచూ కనిపిస్తుంది. పేరుకన్నా 18 అన్న అంకెను గుర్తుంచుకోవడం మేలు.

2023లో సైబరాబాద్ పోలీసులు ప్రకటించిన నిబంధనల ప్రకారం కుడివైపు ఉన్న ఒకటి, రెండు వరుసల్లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్ల వేగంతో, ఎడమవైపు మూడు, నాలుగు వరుసల్లో 40 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. 40 కన్నా తక్కువ వేగంతో నడిచే వాహనాలకు, ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. ర్యాంపు మీదుగా వచ్చే వాహనం కలిసేది నాలుగో వరుసలోనే. అంటే అక్కడికి చేరేసరికి కనీసం 40 కిలోమీటర్ల వేగం ఉండాలి. ఆ వరుసలో వాహనాలు 70, 80 వేగంతో కదులుతుంటే 40 కూడా చాలదు.

లెక్క చూస్తే..

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు ముందుకు వస్తుంది. 30 వేగంతో ఉన్న డీసీఎం వ్యాను దాని ముందు, వంద మీటర్ల దూరంలో, నాలుగో వరుసలోకి జరిగిందనుకుందాం. ఆ దూరం కరిగిపోవడానికి ఏడెనిమిది సెకన్లు చాలు. నిండా సరుకున్న వ్యాను సెకనుకు రెండు కిలోమీటర్ల వేగం పెంచుకోవడమే కష్టం. ఏడెనిమిది సెకన్లలో అది 45 దగ్గరికి చేరుతుంది తప్ప 80కి చేరదు. ఇక మిగిలేది లారీ బ్రేకు మాత్రమే. వెనుక లారీలో కంకరో, నాపరాళ్లో ఉంటే ఆ బ్రేకు మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో ఈ దారిలో తిరిగే వారికి వేరే చెప్పనక్కర్లేదు.

టోల్‌గేటు దగ్గర దాదాపు నిలిచిపోయిన బండి 60 వేగం అందుకోవడానికి మామూలు కారుకు పది, పన్నెండు సెకన్లు పడుతుంది. బరువున్న వ్యానుకు అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా అది దాదాపు 280 మీటర్లు ప్రయాణిస్తుంది. ర్యాంపు ఎత్తు ఎక్కుతున్న చోట ఇంకా ఎక్కువ దూరం కావాలి. కాబట్టి వేగం పెంచే పని గేటు దాటగానే మొదలుకావాలి. అయితే ర్యాంపు మలుపులో సరుకు ఒరిగేంత తొందర కూడదు. మలుపు దాటి దారి తిన్నగా కాగానే కింది గేరులో బలంగా లాగాలి. చాలామంది ఇక్కడే పైగేరు వేసి డీజిల్ ఆదా చేయాలని చూస్తారు. మిగిలే డీజిల్ చెంచాడు కూడా ఉండదు.

ర్యాంపు చివర ప్రధాన రహదారికి ఆనుకుని కొంత దూరం అదనపు వరుస ఉంటుంది. అది వేగం అందుకోవడానికి ఇచ్చిన చోటు. దీనికీ ప్రధాన రహదారికీ మధ్య మొదట తెల్లచారలతో నింపిన ముక్కోణం, ఆ తర్వాత తెగిన గీతలు కనిపిస్తాయి. ముక్కోణం మీదుగా అడ్డంగా దూరడం మన చోదకుల్లో పాతుకుపోయిన దురలవాటు. అలా దూరినవారు వేగం అందుకోవడానికి ఉన్న స్థలాన్ని చేతులారా వదులుకుంటున్నారు. తెగిన గీతలు మొదలయ్యాకే జరగాలి. వాటి పొడవు మొత్తం వాడుకోవచ్చు. అది హక్కే.

అద్దం ఒక్కటే చాలదు

మన దేశంలో చోదకుడి కుర్చీ కుడివైపు ఉంటుంది. కలవాల్సిన దారి కూడా కుడివైపే. ఇది కలిసొచ్చే అంశం. కానీ ర్యాంపు ఏటవాలుగా వచ్చి కలుస్తుంది గనుక బండి ప్రధాన రహదారికి సమాంతరం అయ్యేవరకు కుడి అద్దంలో ర్యాంపు గోడే కనిపిస్తుంది. ఆ దశలో మెడ తిప్పి భుజం మీదుగా చూడాల్సిందే. సమాంతరం అయ్యాక అద్దం పనికొస్తుంది. అప్పుడు కూడా పక్కనే, డోరుకు కాస్త వెనుకగా ఉన్న కారు అద్దంలో పడదు. సరుకు మీద టార్పాలిన్ ఉబ్బెత్తుగా కట్టిన వ్యాన్లలో ఇది మరీ ఇబ్బంది. బయలుదేరే ముందే టార్పాలిన్ అద్దానికి అడ్డురాకుండా కట్టుకోవాలి. పక్క సీటులోని క్లీనరు ఎడమవైపు చూస్తాడే గానీ కుడివైపు వెనుక ఏముందో చెప్పలేడు. ఆ బాధ్యత చోదకుడిదే.

అమెరికా నుంచి సెలవులకు వచ్చి ఇక్కడ కారు తీసేవారికి మరో చిక్కు ఉంది. అక్కడ ర్యాంపు కుడివైపు నుంచి వచ్చి కలుస్తుంది. కాబట్టి ఎడమ భుజం మీదుగా చూడటం వారికి అలవాటు. ఇక్కడ మొదటిరోజు అదే పొరపాటు చేస్తే చూసిన వైపు ఏమీ ఉండదు, చూడని వైపు లారీ ఉంటుంది.

రెండు వాహనాల మధ్య ఎంత ఖాళీ ఉంటే జరగవచ్చు? ముందున్న బండికీ మనకూ రెండు సెకన్లు, మనకూ వెనుక బండికీ మరో రెండు సెకన్ల ఎడం ఉండాలి. 80 వేగంలో ఇది దాదాపు వంద మీటర్లు అవుతుంది. 60 వేగంలో 75 మీటర్లు. వాన కురిసినా, పొగమంచు కమ్మినా దీన్ని రెట్టింపు చేసుకోవాలి. హిమాయత్‌సాగర్ చెరువు సమీపంలోనే ఉండటం వల్ల శీతకాలపు వేకువన ఈ భాగంలో మంచు దట్టంగా పడుతుంది. కూరగాయల బండ్లు వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

ఇండికేటర్ ముందుగానే, తెగిన గీతలు మొదలవుతుండగానే వేయాలి. జరుగుతూ వేస్తే వెనుకవారికి ఉపయోగం లేదు. డిప్పర్ విషయంలో మాత్రం నమ్మకం పనికిరాదు. వెనుక లారీ లైట్లు కొట్టిందంటే ‘రా’ అని పిలుస్తున్నట్లు కొందరు, ‘నేను వస్తున్నా, ఆగు’ అని హెచ్చరిస్తున్నట్లు కొందరు అర్థం చేసుకుంటారు. ఒకే సైగకు రెండు వ్యతిరేక అర్థాలున్నప్పుడు దాన్ని పట్టించుకోకుండా, ఆ బండి వేగం నిజంగా తగ్గిందో లేదో చూసి నిర్ణయించుకోవాలి.

ఆగితే చిక్కే

ప్రధాన రహదారిపై అప్పటికే వెళుతున్న వాహనానికే ముందు హక్కు. పక్కదారి నుంచి వచ్చేవారు దారి ఇవ్వాలన్నది మోటారు వాహన నిబంధనల్లో మొదటి నుంచీ ఉన్నదే. 2017లో వచ్చిన చోదన నిబంధనలూ దీన్ని మార్చలేదు. అయితే దారి ఇవ్వడమంటే చివరికొచ్చి బ్రేకు వేయడం కాదు. ఖాళీ లేదని ర్యాంపు మొదట్లోనే తెలిస్తే అక్కడే వేగం కొంత తగ్గించి, ఆ గుంపు దాటాక మళ్లీ పెంచుకోవాలి. అదనపు వరుస చివరకు వెళ్లి పూర్తిగా నిలిచిపోతే పరిస్థితి ఘోరంగా ఉంటుంది. నిలిచిన చోటి నుంచి బరువు బండి 40 వేగం అందుకోవడానికి 20 సెకన్లకు పైగా పడుతుంది. ఆ సమయంలో 80 వేగంతో ఉన్న లారీ దాదాపు అర కిలోమీటరు వస్తుంది. అంటే అర కిలోమీటరు దూరం వెనుక దారి ఖాళీగా ఉంటే తప్ప కదలకూడదు. తప్పనిసరై ఆగాల్సివస్తే నాలుగు ఇండికేటర్లు వెలిగించి, ఆ మేర ఖాళీ దొరికేవరకు ఓపిక పట్టాలి. వెనుకవారు హారన్ మోగించారని కదలరాదు.

కలిసిన వెంటనే ఒక్క ఊపున రెండో వరుసకు దూసుకెళ్లే కార్లు మరో సమస్య. నాలుగో వరుసలో కాసేపు నడిచి, వేగం కుదురుకున్నాక ఒక్కో వరుస చొప్పున జరగాలి. ప్రధాన రహదారిపై ఉన్నవారికీ బాధ్యత ఉంది. ఇంటర్‌ఛేంజ్ నంబరు పలక కనిపించగానే, కుడివైపు ఖాళీ ఉంటే మూడో వరుసకు జరగడం, లేకుంటే యాక్సిలరేటర్ కాస్త వదలడం పెద్ద పని కాదు. ‘ముందు నేనే’ అని వేగం పెంచి ర్యాంపు నోరు మూసేయడం మాత్రం మన రోడ్లపై మామూలైపోయింది. చట్టం హక్కు ఇచ్చిందని ఎదుటి బండిని గోడకు నొక్కడం ఏ నిబంధనలోనూ లేదు.

ర్యాంపుల దగ్గర ప్రయాణికులను దించడం, ఎక్కించుకోవడం పూర్తిగా మానాలి. వేగం పెంచుతూ, తల వెనక్కి తిప్పి చూస్తున్న చోదకుడికి ముందు ఆగి ఉన్న బండి కనిపించదు. కలిసే చోట రెండు కార్లు వరుసగా వెళుతున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ముందున్న కారు వెళ్లిపోయిందనుకుని వెనుకవారు కుడివైపు చూస్తారు. అది జంకి ఆగిపోతుంది. అందుకే ముందున్న బండి పూర్తిగా కలిసేవరకు దానికి దూరం ఉంచి, చూపును ముందుకూ వెనక్కూ మార్చి మార్చి చూస్తుండాలి.

దిగాల్సిన చోటు దాటిపోతే వెనక్కి తోలడం, ఎదురు నడపడం ప్రాణాంతకం. వాహనాల దిశకు ఎదురుగా నడపడాన్ని 2019 సవరణ తర్వాత మోటారు వాహన చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకర చోదనగా పేర్కొంది. మొదటి తప్పుకే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. తర్వాతి ఇంటర్‌ఛేంజ్‌లో దిగి తిరిగి వస్తే పోయేది కొన్ని నిమిషాలు, కొంత టోలు.

ట్రాక్టర్లు, ద్విచక్ర వాహనాల వారు సర్వీసు రోడ్డు మీదుగానే వెళ్లాలి. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు రాజేంద్రనగర్ వైపు సర్వీసు రోడ్డు మూసివేసిన సందర్భాలున్నాయి. వానాకాలంలో బయలుదేరేముందు విచారించుకోవడం మంచిది.

ఇక మన దారికీ..

అప్పా-మన్నెగూడ మధ్య 46 కిలోమీటర్ల రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించాలన్న ప్రతిపాదన, దారి పొడవునా ఉన్న దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్ల విషయమై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సాగిన కేసుతో ఏళ్ల తరబడి ఆగింది. 2025లో ఆ అడ్డంకి తొలగింది. మొయినాబాద్, చేవెళ్ల వద్ద బైపాస్‌లు ఈ ప్రణాళికలో ఉన్నాయి. అవి పూర్తయితే పాత ఊరి దారి నుంచి వచ్చే వాహనం కొత్త రహదారిలో కలిసే చోట్లు మన ఇలాకాలోనే ఏర్పడతాయి. అప్పా దగ్గర నేర్చుకోవాల్సిన పద్ధతి చేవెళ్ల వారికి ఇంటిముందే అవసరమవుతుంది.

పరిగి చుట్టుపక్కల పల్లెల నుంచి రహదారి ఎక్కే దారులకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. అక్కడ వేగం అందుకునే వరుస లేదు. పత్తి, మొక్కజొన్న ట్రాక్టర్లు నేరుగా లంబంగా వచ్చి కలుస్తాయి. అక్కడ పూర్తిగా ఆగాలి. రెండువైపులా చూడాలి. రాత్రివేళ ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్ పట్టీ లేకుండా రహదారి ఎక్కితే, ముందు దీపాలు ఎంత వెలిగినా వెనుకవారికి ట్రాలీ కనిపించదు. జాతీయ రహదారిపై బండి చెడి ఆగిపోతే 1033కు, గాయాలైతే 108కి ఫోన్ చేయాలి. ఫోన్ చేసేవారు బండిలో కూర్చోకుండా రోడ్డు పక్కన దూరంగా నిలబడాలి.