అనుమానము, ఆనవాలు

ఊరి రక్షణమునకు మేల్కొనియున్న కన్ను ముఖ్యము. ఆ కన్ను దేనిని చూడవలెనన్నదియే ప్రశ్నము. కంపెనీవారి పాలనమును గూర్చి పార్లమెంటు కమిటీవారు 1812లో ప్రకటించిన అయిదవ నివేదికలో తలారి విధులు చెప్పబడినవి. నేరముల జాడ తెలిసికొనుట యొకటి. ఊరినుండి ఊరికిఁ బోవు బాటసారులకుఁ దోడుపోయి కాపాడుట మఱియొకటి. క్రొత్తవానిని కనిపెట్టువాఁడే వానికి రక్షకుఁడు!

1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 45వ సెక్షను మునసబు, కరణము, తలారి, భూస్వామి మొదలగువారిపై వార్త తెలుపు బాధ్యతను మోపినది. దొంగసొత్తు కొనువాఁడని పేరుపడినవాఁడు ఊరఁ గాపురముండినను, దోపిడికాఁడని సహేతుకముగా అనుమానింపఁదగినవాఁడు వచ్చిపోయినను వెంటనే ఠాణాకుఁ దెలుపవలెను. "సహేతుకముగా" అనుటయే ఆ విధికిఁ బ్రాణము.

ఆ ప్రాణమును దీసినది నేరస్థజాతుల చట్టము. 1871లో ఉత్తరదేశమునఁ బుట్టి, 1911లో అది చెన్నరాజధానికి వ్యాపించెను. ఎరుకలవారిలోఁ బెక్కుమంది తీరమునుండి లోనాటికి ఉప్పు మోసి యమ్ముకొని జీవించినవారు. 1805లో ఉప్పు కంపెనీవారి గుత్తసొత్తయ్యెను. పిమ్మట రైలుబండ్లు వచ్చెను. వర్తకము క్షీణించెను. తెరువు పోయినవారి సంచారమే నేరమునకు గుఱుతైనది. వ్రేలిముద్రలు, హాజరుపట్టీలు, ఊరు దాఁటుటకుఁ జీట్లు! బాపట్ల చెంత స్టూవర్టుపురమున సెటిల్మెంటు వెలసెను. చట్టము మనుష్యుని గాక జాతినే పేర్కొనుటచేఁ బుట్టఁబోవు బిడ్డకును ఆ ముద్ర తప్పలేదు. 1952లో చట్టము రద్దయ్యెను గాని జనుల నాలుకపై నిందమాట రద్దు కాలేదు.

దీనివలన ఊరికి భద్రత కలిగెనా? ఎరుకల గుడిసెమీఁదనే నిలిచిన చూపు, దొంగసొత్తును చవుకగాఁ గొనిన పెద్దమనుష్యుని గడప నెట్లు చూడఁగలదు?

ఇది గతించిన కథ కాదు. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని పుకారు పుట్టి, తెలుఁగు జిల్లాలలోను అమాయకులు గుంపుల దెబ్బలకు బలియైరి. చంపినవారందఱు ఊరిని కాపాడుచున్నామనియే తలఁచిరి.

కావునఁ బొరుగున వింత జరిగినపుడు ఊరకుండుట ధర్మము కాదు. తాళము విఱుచుట, మనుష్యులు లేని యింటిచుట్టు మాటిమాటికిఁ దిరుగుట, ఏడ్చు బిడ్డను బలిమినిఁ గొనిపోవుట, ఇవి ఆనవాళ్లు. ఏమి చూచితిమి, ఎక్కడ, ఏ గంటకు, ఎటు పోయిరి అని చూచినంత మాత్రమే ఠాణాకుఁ దెలుపుదము. శిక్ష మన చేతఁ బట్టకుందము. కులము, యాస, చినిఁగిన గుడ్డ ఆనవాళ్లు కావు. పనిని అనుమానింపుఁడు, పుట్టుకను అనుమానింపకుఁడు.