నెల్లూరు తీరంలో స్మార్ట్ ఉత్పత్తులు

స్మార్ట్ ఉత్పత్తులు అనగా సెన్సర్లను, చిన్న కంప్యూటరును, సమాచారం పంపే సాధనాన్ని తమలోనే అమర్చుకొని, అమ్ముడైన తరువాత కూడా తయారీదారుతోను, వాడకందారుతోను, ఇతర యంత్రాలతోను సంబంధం నిలుపుకొనే వస్తువులు. వీటిని అనుసంధానిత ఉత్పత్తులు అని కూడా వ్యవహరిస్తారు. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొసన ఉన్న నెల్లూరు తీరంలో ఇవి ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తాయి. మొదటిది తడ సమీపంలోని శ్రీసిటీ పారిశ్రామిక వాడ. రెండవది తీరం పొడవునా ఉప్పుటేర్లను ఆనుకొని విస్తరించిన రొయ్యల గుంటలు. మొదటి చోట ఇటువంటి వస్తువులు తయారవుతాయి. రెండవ చోట ఇవి రాత్రింబవళ్ళు పనిచేస్తూ, తమను తయారు చేసిన కర్మాగారాల తీరునే మారుస్తున్నాయి.

నిర్వచనం, నేపథ్యం

ఒక మామూలు మోటారు దుకాణం దాటిన మరుక్షణం తయారీదారు దృష్టి నుండి తప్పుకుంటుంది. అది రోజుకు ఎన్ని గంటలు తిరిగినదీ, ఎప్పుడు వేడెక్కినదీ అతనికి తెలియదు. కాలిపోయి మరమ్మతుకు వచ్చినప్పుడే దాని చరిత్ర బయటపడుతుంది. అనుసంధానిత మోటారు తన చరిత్రను తానే ఎప్పటికప్పుడు చెప్పుకుంటుంది. తేడా ఇంతే అయినా, దీని పర్యవసానాలు చాలా దూరం పోతాయి.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు మైఖేల్ పోర్టర్, పీటీసీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు అప్పటి అధిపతి జేమ్స్ హెపెల్‌మన్ కలసి హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో 2014 నవంబరులో ఒకటి, 2015 అక్టోబరులో మరొకటి వ్యాసాలు రాశారు. ఈ విషయంపై చర్చ ఎక్కువగా వారి పరిభాషలోనే సాగుతున్నది. వారి వివరణ ప్రకారం ఇటువంటి వస్తువు శక్తికి నాలుగు మెట్లు ఉన్నాయి. అవి గమనించుట, నియంత్రించుట, మెరుగుపరచుట, స్వయంగా నడచుట. కింది మెట్టు లేనిదే పై మెట్టు లేదు. నీటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో చెప్పలేని యంత్రం, దాన్ని పెంచే నిర్ణయం తీసుకోజాలదు.

నిజానికి ఈ ఆలోచన అంత కొత్తది కాదు. 1962లోనే బ్రిటన్‌కు చెందిన బ్రిస్టల్ సిడ్లీ సంస్థ విమాన ఇంజన్ల నిర్వహణకు, ఇంజను నడిచిన గంటల లెక్కన రుసుము తీసుకునే పద్ధతి ప్రవేశపెట్టినది. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో శీతల పానీయాలమ్మే యంత్రాన్ని కంప్యూటరుకు కలిపి, సీసాలు ఉన్నాయో లేవో గదిలో నుండే తెలుసుకునేవారు. "ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్" అనే మాటను 1999లో కెవిన్ ఆష్టన్ వాడాడు. మన దేశంలో పుణెలో రూపొందిన నానో గణేశ్ వంటి పరికరాలతో రైతులు పొలంలోని పంపుసెట్టును ఇంటి నుండే ఫోనుతో నడపడం ఈ మార్గంలో తొలి మెట్లలో ఒకటి.

శ్రీసిటీ

పూర్వపు నెల్లూరు, చిత్తూరు జిల్లాల సరిహద్దున, పులికాట్ సరస్సుకు చేరువలో ఉన్న శ్రీసిటీ 2008లో ప్రారంభమైనది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినది. ఇక్కడ తయారైన వస్తువులలో ఈ వ్యాసానికి సంబంధించినవి రెండు. 2015లో షావోమీ సంస్థ భారతదేశంలో తయారైన తన తొలి ఫోనును ఇక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారం నుండి విడుదల చేసినది. గుంట గట్టున నిలబడిన రైతు చేతికి సమాచారం చేర్చే అసలు సాధనం ఇటువంటి చవకైన ఫోనే.

రెండవది ఆల్‌స్టామ్ సంస్థ రైలు పెట్టెల కర్మాగారం. చెన్నై, కొచ్చి, లక్నో మెట్రోలతో పాటు ఆస్ట్రేలియాలోని సిడ్నీ మెట్రో తొలి దశకు కావలసిన 22 రైళ్లు, ఒక్కొక్కటి ఆరు పెట్టెలతో, ఇక్కడ తయారైనాయి. మొదటి రైలు 2017లో సిడ్నీ చేరగా, మార్గం 2019 మే 26న ప్రారంభమైనది. అది ఆస్ట్రేలియాలో డ్రైవరు లేకుండా నడిచే తొలి మెట్రో. పైన చెప్పిన నాలుగవ మెట్టుకు ఇదే ఉదాహరణ. ఇటువంటి రైలులో తలుపులు, బ్రేకులు, మోటార్లు తమ స్థితిని నియంత్రణ కేంద్రానికి నిరంతరం తెలుపవలసి ఉంటుంది గనుక, వెల్డింగు ఎంత ముఖ్యమో సాఫ్ట్‌వేర్ పరీక్ష కూడా అంతే ముఖ్యం.

రొయ్యల గుంట అనే కర్మాగారం

రొయ్యల సాగును వ్యవసాయంగా లెక్కించడం వాడుక. కాని నేటి గుంటకు పొలంతో కంటె కర్మాగారంతోనే పోలిక ఎక్కువ. లెక్కించిన పిల్లలు, తూచిన మేత, కొలిచిన విద్యుత్తు లోపలికి పోతాయి. మూడు, నాలుగు నెలలకు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న "కౌంటు" ప్రకారం ధర పలికే సరుకు బయటికి వస్తుంది. 50 కౌంటు అంటే ఒక్కొక్క రొయ్య 20 గ్రాములు.

ఈ మార్పు ఒక్కసారిగా రాలేదు. నెల్లూరు తీరంలో 1990 దశకం ఆరంభంలో టైగర్ రొయ్య సాగు వేగంగా విస్తరించినది. 1994-95లో వైరస్ తెగులుతో తీవ్రంగా దెబ్బతిన్నది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చినది. 2005లో పార్లమెంటు చేసిన చట్టంతో చెన్నై కేంద్రంగా తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టబద్ధత పొందినది. 2009లో పసిఫిక్ తీరానికి చెందిన వనామీ రొయ్యను పెంచేందుకు అనుమతి లభించినది.

వనామీ రాకతోనే యంత్రాల అవసరం పెరిగినది. ఇది నీటి అన్ని పొరలలోను తిరుగుతుంది గనుక కిక్కిరిసి పెంచవచ్చును. నిబంధనల ప్రకారం చదరపు మీటరుకు 60 పిల్లల వరకు వదలవచ్చును. అంత రద్దీలో గాలి చక్రాలు (ఏరియేటర్లు) ఆగితే గంటల వ్యవధిలో పంట పోతుంది. సుమారు 500 కిలోల రొయ్యలకు ఒక హార్స్‌పవర్ చక్రం కావాలన్నది వాడుక లెక్క. అంటే నాలుగు టన్నుల పంటకు ఎనిమిది హార్స్‌పవర్లు.

ప్రాణవాయువు

పగలు నీటిలోని సూక్ష్మ వృక్షజాలం ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి అదే వృక్షజాలం రొయ్యలతో పాటు ప్రాణవాయువును వాడుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవడం మంచి పద్ధతి. మబ్బు పట్టిన రోజు తరువాత వచ్చే రాత్రి మరింత ప్రమాదకరం. కావలివాడు నిద్రకు ఆగలేని వేళ కూడా అదే.

పాత పద్ధతిలో చేతి మీటరుతో గట్టు గట్టుకూ తిరిగి కొలిచేవారు. లేదా రొయ్యలు నీటి పైకి తేలుతున్నాయా అని టార్చిలైటు వేసి చూసేవారు. రొయ్యలు తేలిన తరువాత చేయగలిగినది స్వల్పం. నీటిపై తేలే సెన్సరు కొద్ది నిమిషాలకొకసారి కొలిచి ఫోనుకు పంపుతుంది. హద్దు దాటితే గంట మోగిస్తుంది, అవసరమైతే చక్రాలను తానే తిప్పుతుంది. ప్రాణవాయువు చాలినంత ఉన్న వేళ కొన్ని చక్రాలను ఆపుతుంది గనుక కరెంటు ఖర్చు కూడా తగ్గుతుంది.

మేత

పెట్టుబడిలో సగం, ఒక్కోసారి అంతకు మించి, మేతకే పోతుంది. ఎంత వేయాలన్నది చెక్ ట్రేలలో మిగిలిన గుళికలను చూసి అంచనా కట్టేవారు. కొత్త యంత్రాలు చూపును వదలి వినికిడిని ఆశ్రయించాయి. రొయ్య గుళికను కొరికినప్పుడు దవడల నుండి టిక్కుమని చిన్న శబ్దం వస్తుంది. నీటిలో వేలాడదీసిన మైక్రోఫోను వంటి సాధనం ఆ శబ్దాలను పట్టి లెక్కిస్తుంది. అవి జోరుగా ఉంటే యంత్రం మేత విసురుతుంది, తగ్గితే ఆపుతుంది. రోజుకు నాలుగు పూటల బదులు కొద్ది కొద్దిగా అనేక మార్లు మేత అందుతుంది.

దీని లాభం చిన్న లెక్కతో తెలుస్తుంది. కిలో రొయ్యకు 1.5 కిలోల మేత పట్టే గుంటలో నాలుగు టన్నుల పంటకు ఆరు టన్నుల మేత కావాలి. ఆ నిష్పత్తి 1.3కు దిగితే 5.2 టన్నులు చాలు. ఆదా 800 కిలోలు. పైగా తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి ప్రాణవాయువును హరిస్తుంది గనుక, మేత తగ్గితే మొదటి సమస్య కూడా కొంత తగ్గుతుంది.

ఈ రెండు పనులకూ యంత్రాలు చేసిన తెలుగు సంస్థ ఏరువాక టెక్నాలజీస్. శ్రీరాం రావి 2012లో విజయవాడలో దీనిని స్థాపించాడు. పాండ్‌గార్డ్ అనే తేలే సెన్సరు, పాండ్‌మదర్ అనే మేత యంత్రం దీని ఉత్పత్తులు. జ్యేష్ఠ పౌర్ణమి నాడు దుక్కి ప్రారంభించే పండుగ పేరు నాగలి చేరలేని ఉప్పునీటి పంటకు అమరడం తమాషాయే. 2022లో ఈ సంస్థ నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో చేతికి వచ్చినది. స్క్రెటింగ్ పేరుతో చేపల, రొయ్యల మేత తయారు చేసేది న్యూట్రెకోయే.

తయారీలో వచ్చిన మార్పులు

గాలి చక్రం తయారు చేసేవారికి పూర్వం మోటారు, గేర్లు, ప్లాస్టిక్ రెక్కలు తెలిస్తే చాలును. ఇప్పుడు వారికి సర్క్యూటు బోర్డు, సిమ్ కార్డు, సర్వరు, ఫోను అప్లికేషను కూడా పనిముట్లయినాయి. వస్తువు అమ్మిన తరువాత కూడా అందులోని సాఫ్ట్‌వేర్‌ను దూరం నుండే మార్చవచ్చును గనుక, ఒకే యంత్రాన్ని వేరు వేరు ధరలకు, వేరు వేరు శక్తులతో అమ్మడం సాధ్యమైనది. రూపకల్పన ఒకసారి ముగిసే పని కాకుండా పోయినది. వందల గుంటల నుండి వచ్చే కొలతలలో ఏ భాగం ఏ నెలలో పాడవుతున్నదో తెలుస్తుంది, తరువాతి నమూనాలో దాన్ని సరిచేస్తారు. ఒక విధంగా చెప్పాలంటే కర్మాగారం ప్రహరీ గుంట గట్టు దాకా జరిగినది.

ఆదాయం వచ్చే తీరు కూడా మారినది. యంత్రం వెల ఒక్కసారే చెల్లించే బదులు నెలవారీ అద్దె లేదా చందా కట్టే పద్ధతి వచ్చినది. చిన్న రైతుకు ఇది ఒకందుకు మేలు, పెట్టుబడి భారం తగ్గుతుంది. మరొకందుకు కీడు, చందా ఆగితే యంత్రం ఇనుప డబ్బాగా మిగులుతుంది.

మేత మిల్లులపై ప్రభావం ఇంకా పెద్దది. నెల్లూరు జిల్లా తోటపల్లిగూడూరు మండలం అనంతపురంలోని వాటర్‌బేస్ వంటి మిల్లులు ఈ తీరంలోనే మేత తయారు చేస్తున్నాయి. ఏ గుంటలో రొయ్య ఎంత పెరిగినదో ముందుగా తెలిస్తే, ఏ పరిమాణపు గుళికలు ఏ వారంలో ఎన్ని టన్నులు కావాలో మిల్లు లెక్క వేసుకోవచ్చును.

సమాచారం ఎవరిది?

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. గుంటలోని రొయ్యల బరువు, రోజూ తిన్న మేత, రాత్రి ప్రాణవాయువు పడిపోయిన సంగతి రైతుకు తెలిసేటప్పటికే సర్వరు నడిపే సంస్థకు కూడా తెలుస్తాయి. తీరంలో చాలామంది రైతులు మేతను డీలరు వద్ద అరువుకు తెచ్చుకుంటారు. పంట పట్టుబడి నాడు ధర చెప్పేది కొనుగోలుదారు. తెగులు సోకి లేదా ప్రాణవాయువు అందక రైతు తొందరపడి అమ్మవలసిన స్థితిలో ఉన్నాడని అవతలివానికి ముందే తెలిస్తే, బేరం ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చును. మేత అమ్మే సంస్థే మేత కొలిచే యంత్రాన్ని కూడా నడపడం తప్పు కాదు, దానివలన మంచి సలహా దొరకవచ్చును. అయితే మేత తగ్గించమని చెప్పవలసిన యంత్రం మేత అమ్ముకునేవారిది అయినప్పుడు, లెక్క చూసుకునే వీలు రైతుకు ఉండడం న్యాయం.

భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మనుషుల వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది. గుంట నీటి కొలతలను దృష్టిలో పెట్టుకొని చేసినది కాదు. ఐరోపా సమాఖ్య మాత్రం డేటా చట్టం పేరుతో, అనుసంధానిత వస్తువును వాడేవారికి ఆ వస్తువు పుట్టించే సమాచారాన్ని పొందే హక్కును, కోరిన మరొకరికి ఇప్పించుకునే హక్కును కల్పించినది. అది 2025 సెప్టెంబరు 12 నుండి వర్తిస్తున్నది.

కౌలు రైతు సమస్య వేరు. గుంట ఒకరిది, పంట మరొకరిది. యంత్రం ఖాతా యజమాని పేర ఉంటే, కౌలు ముగిసిన నాడు రెండు మూడేళ్ళ కొలతలు అక్కడే ఉండిపోతాయి. అవి చేతిలో ఉంటే కొత్త గుంటలో అతనికి పనికివచ్చేవి. బ్యాంకులో రుణం అడిగేటప్పుడు చూపించుకొనేందుకు కూడా పనికివచ్చేవి.

ఆచరణలో ఇబ్బందులు

ఉప్పుగాలికి తీగలు, బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. సెన్సరు కొసకు పాచి, నాచు పట్టి తప్పు అంకెలు చూపుతుంది గనుక తరచుగా తుడవాలి. ఈ పని మరచిన గుంటలో యంత్రం లేకపోవడమే మేలు, ఎందుకంటే తప్పు అంకెను నమ్మి నిద్రపోయే ప్రమాదం ఉన్నది. మేత చల్లే కూలీల పని తగ్గినా, యంత్రాన్ని శుభ్రం చేసి సరిచూసే మనిషి అవసరం వచ్చినది. ఆ నైపుణ్యం నేర్పే శిక్షణ గ్రామాలలో ఇంకా తక్కువ.

అన్నిటికంటె పెద్ద పరీక్ష తుపాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు తీరం వెంబడే పైకి సాగి, 5వ తేదీన బాపట్ల సమీపంలో తీరం దాటినది. అటువంటి రోజున సూర్యరశ్మి ఉండదు, కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు, సెల్ టవరుకూ అదే గతి పట్టవచ్చును. గుంటకు యంత్రం అత్యవసరమయ్యేది సరిగ్గా ఆ రోజే. అందుచేత నిర్ణయం తీసుకునే భాగం దూరపు సర్వరులో మాత్రమే కాక గట్టు మీది పెట్టెలో కూడా ఉండాలి. సంకేతాలు లేకున్నా ఆ పెట్టె జనరేటరును ప్రారంభించి చక్రాలు తిప్పగలగాలి. యంత్రం కొనేముందు సిమ్ కార్డు తీసివేసి చూస్తే ఈ సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.