స్ట్రెచింగ్ (పెద్దల్లో)

కండరాలను మెల్లగా సాగదీసి, కీలు కదిలే పరిధిని పెంచే వ్యాయామం స్ట్రెచింగ్. వయసుతో ఈ పరిధి తగ్గుతుంది. గంటల తరబడి కూర్చునేవారికి తుంటి, తొడ వెనుక కండరాలు బిగుసుకుంటాయి.

రకాలు: ఒకే భంగిమలో నిలిచి చేసేది స్టాటిక్. కాళ్లూ చేతులూ అదుపుగా కదుపుతూ చేసేది డైనమిక్. కండరాన్ని బిగించి, వదిలి, ఆపై సాగదీసేది పీఎన్ఎఫ్. 1940వ దశకంలో అమెరికన్ వైద్యుడు హెర్మన్ క్యాబట్ చికిత్సా పద్ధతిగా దీనికి పునాది వేశాడు.

పనితీరు: తొలి వారాల్లో కనిపించే మెరుగుదలకు ప్రధాన కారణం కండరం పొడవు పెరగడం కాదు, సాగుదలను ఓర్చుకునే శక్తి పెరగడం.

మోతాదు: అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సిఫారసు ప్రకారం వారానికి కనీసం 2–3 రోజులు చేయాలి. ఒక్కో భంగిమలో 10–30 సెకన్లు, వృద్ధులైతే 30–60 సెకన్లు ఉండాలి.

జాగ్రత్తలు: కాసేపు నడిచి ఒళ్లు వేడెక్కాకే మొదలుపెట్టాలి. కండరం లాగినట్టుండటం సహజం. పొడిచినట్టు నొప్పి, తిమ్మిరి వస్తే ఆపాలి. కుదుపులు, ఊపిరి బిగబట్టడం కూడదు. ఎముకలు గుల్లబారినవారు పశ్చిమోత్తానాసనం వంటి, నడుమును బాగా ముందుకు వంచే ఆసనాలు మానాలి. కీలుమార్పిడి జరిగినవారు ఫిజియోథెరపిస్టు సలహాతోనే చేయాలి.