మ్యూనిక్ విమాన ప్రమాదము: రెక్కపై మంచా, నేలపై బురదా?

1958 ఫిబ్రవరి 6వ తేదీ మధ్యాహ్నము పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్ విమానాశ్రయములో ఒక బ్రిటిష్ విమానము పైకి లేవలేక, రన్‌వే చివర దాటి, కంచెను ఛేదించుకొనిపోయి ఒక ఇంటిని ఢీకొన్నది. బెల్‌గ్రేడ్ నుండి ఇంగ్లండుకు పోవుచు ఇంధనము కొరకు అక్కడ దిగిన ఆ విమానములో 44 మంది ఉండిరి. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాండ్రు 8 మందితో సహా 23 మంది మరణించిరి.

ఇంజన్లు నిలకడగా పనిచేయనందున అంతకు ముందు రెండుసార్లు పరుగును మధ్యలోనే ఆపివేసిరి. మూడవసారి వేగము 117 నాట్ల వరకు పెరిగినది. నాట్ అనగా గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. నేల విడుచుటకు 119 నాట్లు కావలెను. కాని వేగము 112కు, పిదప 105కు తగ్గిపోయినదని బ్రతికి బయటపడిన కెప్టెన్ జేమ్స్ థేన్ చెప్పెను. ఏమి ఆ వేగమును హరించినది?

రెక్కలపై పేరుకొన్న గడ్డమంచే కారణమని జర్మన్ విచారణ సంఘము 1959లో తేల్చినది. రెక్కపై మంచు గట్టిపడినచో గాలి ప్రవాహము చెదరి, విమానమును పైకెత్తు బలము తగ్గునన్న మాట నిజమే. రెక్కలను పరీక్షించుట కెప్టెను బాధ్యత. రన్‌వేను బాగుగా ఉంచుట విమానాశ్రయము బాధ్యత. కావున కారణమేదన్న ప్రశ్నలోనే దోషి ఎవరన్న ప్రశ్న కూడ ఇమిడియున్నది. థేన్ 1960లో ఉద్యోగమును పోగొట్టుకొనెను.

అయితే నిపుణులు ఆ రెక్కలను పరీక్షించినది ప్రమాదము జరిగిన సుమారు ఆరు గంటల తరువాత. ఈలోపల వాటిపై మంచు కురిసినది. అంతేకాదు, గడ్డమంచు రెక్క బలమును తగ్గించును గాని, నేలపై దొర్లు చక్రములను పట్టి ఆపదు. ఆ పని చేయగలది సగము కరగిన మంచు, అనగా మంచుబురద. చక్రములు దానిని చీల్చుకొని పోవలెను. ఎగజిమ్మిన బురద విమానమును కూడ తాకును. ఈ నిరోధము వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును: వేగము రెట్టింపైనచో నిరోధము నాలుగు రెట్లగును. అందుచే మెల్లగా పోవునపుడు అది అంతగా తెలియదు. వేగము హెచ్చినకొలది ఇంజను బలమునే మ్రింగివేయును. పై రెండు పరుగులు రన్‌వే చివరి భాగమును చేరలేదు. అక్కడి బురద చెదరక నిలిచియుండెను.

1960 తరువాత జరిగిన ప్రయోగములు పలుచని మంచుబురద కూడ ఎంత ప్రమాదకరమో నిరూపించినవి. రెక్కలపై మంచు ఉన్నదనుటకు సాక్ష్యముగా చూపిన ఛాయాచిత్రముయొక్క అసలు నెగటివులో మంచు లేదనియు, కనిపించినది వెలుగుయొక్క ప్రతిఫలనమే అనియు తేలినది. జర్మన్ సంఘము పునర్విచారణలో బురద ప్రభావమును కొంత అంగీకరించినను, గడ్డమంచే ముఖ్యకారణమన్న తన మాటను విడువలేదు. 1969లో బ్రిటిష్ సంఘము మాత్రము మంచుబురదయే కారణమనియు, థేన్ దోషి కాడనియు ప్రకటించినది. అప్పటికి పదకొండేండ్లు గడచినవి. 1975లో తన 53వ ఏట మరణించువరకు ఆయన మరల ఆ సంస్థ విమానమును నడుపలేదు.

నేడు శీతల దేశములలోని విమానాశ్రయములు రన్‌వేపై మంచుబురద లోతును కొలిచి పైలట్లకు తెలుపుచున్నవి. లోతు మితిమీరినచో విమానము బయలుదేరదు. ఆ కొలత వెనుక 23 మంది ప్రాణములును, ఒక మనిషి పరువును ఉన్నవి.